నాడిపిడి

పసుపంటిన చేతులు కుళాయి కింద కడుక్కుని విరజ తిరిగొచ్చేసరికి కారు తలుపు మూసుకుపోయి ఉంది. లోపల ముందు సీటులో ఇత్తడి పళ్లెం, అందులో అప్పుడే తను పసుపు రాసిన తాడు, దానికి గుచ్చిన కొత్త పుస్తెలు, పక్కనే యజమానినని కారుకు గుర్తుగా వేలికి పెట్టుకునే తన తాళపుటుంగరం. తాడుకు పసుపు రాస్తూ, మరకలవుతాయని ఉంగరం తీసి పళ్లెంలో పెట్టింది. వేలికి ఉంగరం లేకుండా ఎవరు దిగినా, దిగింది పరాయి మనిషేనని ఆ కాలపు కార్లు తాళం వేసుకునేవి.

కాకినాడలోని ఆ కల్యాణ మండపంలో సన్నాయి మొదలైంది. ముహూర్తం దగ్గరపడుతోంది. పెళ్లికొడుకు విరజ తండ్రి పేర్రాజు. భార్య పోయి ఒంటరైన ఆయన ఈ వయసులో సుభాషిణి అనే ఆవిణ్ణి చేసుకుంటున్నాడు. సంబంధం కుదిర్చిందీ, చుట్టాల్ని పిలిచిందీ, తల్లి పుస్తెలు కరిగించి కొత్తవి చేయిద్దామన్నదీ విరజే. ఎంత పెద్ద మనసు అని అందరూ మెచ్చుకున్నారు.

ఉంగరం లోపల ఉండిపోయిందని గాబరాపడే రోజులు పోయాయి. తలుపుకు నాడిపిడి ఉంది, ఉంగరం ఉన్నా లేకపోయినా తలుపు తీసేది అదే. యజమాని పట్టుకుంటే వేళ్ల కింది నాడిని పోల్చుకుని, పచ్చదీపం వెలిగించి తలుపు తీస్తుంది. అయితే ఆ నాడి నెమ్మదిగా ఉండాలి. కత్తి చూపించి యజమాని చేతే తలుపు తీయించే దొంగలు ఎక్కువయ్యాక చేసిన ఏర్పాటది. దొంగతనాలైతే తగ్గాయి గానీ, ఊళ్లో ఎక్కడ చూసినా కారు పిడి పట్టుకుని, కళ్లు మూసుకుని, సంధ్యవారుస్తున్నట్టు నిలబడిన పెద్దమనుషులే. పొద్దున్నే ఆలుమగల మధ్య మాటామాటా వస్తే ఆ పూట ఆఫీసు సంగతి దేవుడెరుగు.

విరజ పిడి పట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది.

"మీరు కలతగా ఉన్నారు. నిదానంగా ఊపిరి తీసుకోండి. ఎవరైనా బెదిరిస్తుంటే పిడిని రెండుసార్లు నొక్కండి," అంది కారు మర్యాదగా.

"నన్నెవరు బెదిరిస్తారే, నీ మొహం!"

మేనత్త కనకరత్నం ఆయాసపడుతూ వచ్చింది. "ఏంటే ఇంకా? సిద్ధాంతిగారు తాళి తెమ్మంటన్నారు. అద్దం బద్దలుకొట్టెయ్యకూడదా?"

"ఏనుగు తొక్కినా పగలదత్తా అది. కంపెనీ వాళ్లు మధ్యాహ్నానికి గానీ రారంట."

"అయితే నిమ్మళంగా ఉండవే! నిమ్మళంగా ఉండమంటుంటే నీక్కాదూ?" అని అరిచింది కనకరత్నం. విరజ నాడి ఇంకాస్త పరిగెత్తింది.

ఈలోగా నుదుట బాసికంతో పేర్రాజే బయటికొచ్చాడు. "పసుపుకొమ్ము కట్టినా చెల్లుతుందంటన్నారమ్మా సిద్ధాంతిగారు. ఆ కారు సంగతి తర్వాత చూద్దాం, లోపలికి రా," అన్నాడు. అంటూనే ఎర్రదీపం కేసి చూసి ఆగిపోయాడు. "పరీక్షల రోజున కూడా నిద్ర లేపితే గానీ లేచేదానివి కాదు. ఇవాళేంటమ్మా ఇంత దడ? ఈ పెళ్లి నీకిష్టమేనా?"

"ఇష్టం కాకపోతే నేనెందుకు కుదురుస్తాను?"

పిడి మీదున్న చేతి కింద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తండ్రీ కూతుళ్లిద్దరూ దాన్ని చూశారు. విరజకు ఇక అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

"లేదు నాన్నా, ఇష్టం లేదు. నువ్వు ఒక్కడివే కూర్చుని అన్నం తింటుంటే చూడలేక కుదిర్చాను. అమ్మ పుస్తెలు కరిగిస్తుంటే కంసాలి కొలిమి దగ్గర నిలబడలేక బయటికొచ్చేశాను. సుభాషిణి గారు మంచావిడే. అయినా ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతోంది."

ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. చాలా రోజుల తర్వాత గుండె మీది బరువు దిగినట్టయింది. పచ్చదీపం వెలిగి, తలుపు దానంతటదే తెరుచుకుంది.

నాడిపిడిని తయారుచేసినవాళ్లు దొంగల్నే దృష్టిలో పెట్టుకున్నారు. కడుపులో దాచుకున్న మాటను అది కన్నతండ్రి ముందు, అదీ ఆయన పెళ్లిరోజున, కక్కిస్తుందని కలలో కూడా అనుకుని ఉండరు.

పళ్లెం చేతికందేంత దూరంలోనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. పేర్రాజు బాసికం ముడి విప్పబోయాడు. "పదమ్మా, ఇంటికెళ్లిపోదాం," అన్నాడు.

విరజ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇష్టం లేదన్నాను నాన్నా. వద్దన్నానా?"

పళ్లెం తీసుకుని తనే ముందు నడిచింది. పీటల దగ్గరికి వెళ్లేసరికి పుస్తెలు పళ్లానికి తగిలి చప్పుడు చేస్తున్నాయి. సుభాషిణి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. పళ్లెం కింద తన చెయ్యి కూడా ఆనించింది.