కాలవ గోడ మీద అమ్మవారు

అమ్మవారి పూజలకు పేరుపడ్డ తమిళ ఆడి మాసంలో ఒక శుక్రవారం పొద్దున్నే పరాయివాళ్ళ గోడ మీద పసుపు రంగు వలయం గీసి, నడుమ ఎర్ర చుక్క పెట్టిన మగవాడు ఇంట్లో తల్లి మాటలు చెవిన వేసుకునే రకం కాదని మనం అర్థం చేసుకోవాలి.

శిలంబరసన్ చేసింది అదే. ఊళ్ళోని పాత కాలవలను బాగుచేసే ప్రాజెక్టులో అతను ఇంజనీరు. బజారు వెనక కాలవను సగం మింగేసి కట్టిన గోడ ఒకటి కనిపించింది. కూల్చాల్సిన కట్టడానికి వాళ్ళ గుర్తు పసుపు వలయం, ఎర్ర చుక్క. గీశాడు, ఫోటో తీశాడు, వెళ్ళిపోయాడు.

ఆ గోడ వెంకటకృష్ణయ్యది. ఆయన పూజాసామాన్ల అంగడికి వెనకనున్న గోడౌనుది. వలయాన్ని మొదట చూసింది ఆయన తల్లి కన్యకాపరమేశ్వరమ్మ. ఆడి మాసం, శుక్రవారం, తడి ఆరని పసుపు, ఎర్రటి బొట్టు. ఆవిడ మాత్రం ఇంకేమనుకోవాలి?

మరుసటి వారం పనివాళ్ళనూ గడపారలనూ వెంటబెట్టుకుని వచ్చిన శిలంబరసన్‌కు గోడ కనిపించలేదు. వేపమండలు కనిపించాయి. చామంతి దండలు, దీపాలు, వాటి ముందు బారులు తీరిన ఆడవాళ్ళు కనిపించారు.

"సార్, చెప్పులు విడవండి," అంది ఒక అమ్మాయి, అంబలి గ్లాసు అతని చేతికి అందించబోతూ. వెంకటకృష్ణయ్య కూతురు చరిత.

"ఇది వాయ్కాల్, కాలవ గట్టు గదండీ."

"పోయిన శుక్రవారం దాకా. ఇప్పుడు సన్నిధి."

"ఏం సన్నిధి? అది పెయింటు. నేనే పూసినాను!"

"మెల్లగా! పొద్దుట్నుంచి పస్తుండే ఆడవాళ్ళు. ఆకలి మీద ఉండారు, కొడతారు."

అతను బ్యాగులోంచి బ్రష్ తీసి చూపించాడు. కుచ్చుకు అదే పసుపు. చరిత బ్రష్‌ను చూసింది, గోడను చూసింది, కళ్ళు మూసుకుని దండం పెడుతున్న తన అవ్వ కన్యకాపరమేశ్వరమ్మను చూసింది. నవ్వు ఆపుకోబోయి అంబలంతా అతని చొక్కా మీద ఒలకబోసింది.

"బాగా చేసినారు సార్. ఇప్పుడు దీన్ని ఎవురు కూలుస్తారు?"

"మీ నాయన ఒప్పుకుంటే..."

"మా నైనానా? గోడౌను నిలబడింది, పైగా కర్పూరం అమ్మకం పెరిగింది. ఆయనకు అసలు దేవుడు మీరే. తెలీదంతే."

పనివాళ్ళు కూడా అప్పటికే చెప్పులు విడిచి వరసలో నిలబడ్డారు. ఆ రోజుకు పని ముగిసింది.

ఆ తర్వాత శిలంబరసన్ ప్రతి శుక్రవారం వచ్చాడు. పరిశీలనకని ఆఫీసులో చెప్పాడు. గోడ ఎక్కడికీ పోదు, ఎదగదు, తరగదు. దానికి అంత పరిశీలన అక్కర్లేదు. అయినా వచ్చాడు. చరిత కూడా శుక్రవారాల్లో అంగడి ముందువైపు కూర్చోవడం మానేసింది.

"ఒక్క గోడకు ఇంత పట్టుదల ఏంది?" అని అడిగింది ఒకరోజు.

"వచ్చి చూడండి."

ఆదివారం ఇద్దరూ ఆమె స్కూటర్ మీద వంతెన దాటి అరియాంకుప్పం వెళ్ళారు. అక్కణ్ణుంచి పడవలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి. బురదలో మోకాలెత్తు మడ మొక్కలు వరసగా ఉన్నాయి. చాలావాటికి ఆకుల అంచులు మాడిపోయాయి.

"ఉప్పు ఎక్కువైపోయింది," అన్నాడు శిలంబరసన్. "మీ కాలవ నీళ్ళు ఈడికి రావాల. ఐప్పసి నెల వానలకు ముందు గోడ పోకుంటే ఆ నీళ్ళు మీ అంగట్లోకి పోతాయి, ఇవి చచ్చిపోతాయి. ఇవి పోతే రొయ్య పిల్లలకు నీడ లేదు, కొంగలకు కూడు లేదు."

"ఇన్నీ మీరే నాటినారా?"

"నేనూ, మా అమ్మ మంగళమూ, ఇంకా కొందరు. పనిచేసే మిల్లు మూసినాక అమ్మ ఇంట్లో కూర్చోలేకపోయింది. రోజూ కురుచికుప్పం నుంచి బస్సులో వచ్చి బురదలో దిగేది." మాడిన ఆకునొకదాన్ని వేళ్ళతో నిమిరాడు. "మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసేచోటే ఇవి బతికేది. ఏదో ఒకటే ఉంటే చాలదు."

"మీరు ఇంజనీరా, పెళ్ళిళ్ళ బ్రోకరా?"

శిలంబరసన్ బురదలో పోతున్న ఎండ్రకాయను ఎంతో శ్రద్ధగా చూశాడు.

తిరుగుదారిలో చరిత ఒక ఉపాయం చెప్పింది. "అమ్మవారు మీకు కలలో కనపడిందని మా అవ్వతో చెప్పండి. సముద్రానికి పోవాల, దారి లేదు అని ఏడ్చిందని చెప్పండి. గోడను అవ్వే కూలగొట్టిస్తుంది."

"చెప్పను."

"ఎందుకు?"

"కల రాలేదు గదా. పెద్దావిడ భక్తితో ఆడుకోకూడదు."

"అయితే నిజం చెప్పుకోండి! మీ మొక్కల మాట మీ నిజమే చూసుకుంటుంది." దారంతా అవసరం లేకున్నా హారన్ కొట్టింది.

శుక్రవారం రాగానే శిలంబరసన్ చెప్పులు విడిచి అవ్వ ముందు నిలబడ్డాడు. "అవ్వా, తప్పుగా అనుకోవద్దు. అది నేను పూసిన పెయింటు. గోడ పడగొట్టేదానికి గుర్తు."

వెంకటకృష్ణయ్య చేతిలోని హారతి పళ్ళెం కిందపడింది. అవ్వ మాత్రం అతని వైపు తిరిగింది.

"ఇది ఇంకెవురికి తెలుసు?"

"మీ మనవరాలికి."

"తెలిసీ నాతో కలిసి పాట పాడిందా! దొంగమొగం." గోడౌను స్తంభం వెనక నుంచి చరిత కొంగు చివర కూడా మాయమైంది. అవ్వ కర్పూరం బిళ్ళ ఒకటి వెలిగించింది. "అయితే ఏమి తంబీ? కోవిల్లో రాయి చెక్కినోడు మనిషి గాదా? పూసింది నువ్వు, దండం పెట్టింది నేను. పెట్టిన దండాన్ని వెనక్కి తీసుకోను."

శిలంబరసన్ తల దించుకున్నాడు. మొక్కలు పోయినట్టే.

"మాసిమగం పండగకు ఊళ్ళో దేవుళ్ళంతా సముద్రానికి పోతారు," అవ్వ ఇంకా చెబుతోంది. "మా అమ్మను మాత్రం గోడౌనుకు కాపలా పెట్టుకుంటామా? రేయ్ కృష్ణయ్యా, దారి ఇయ్యి."

"అమ్మా! సరుకు యాడ పెట్టేది?"

"మిద్దె మీద పెట్టుకో. లేదంటే నెత్తిన పెట్టుకో."

గడపారకు కుంకుమ పెట్టి ఆవిడే పనివాళ్ళ చేతికిచ్చింది. వలయం ఉన్న పెళ్ళను మొగలో కలపాలని కూడా అంది. ఏట్లో సిమెంటు వేయకూడదని శిలంబరసన్ మళ్ళీ నిజమే చెప్పాడు. కాబట్టి అమ్మవారు పూజగదికి చేరింది. ఆ సాయంత్రం చరిత అతని దగ్గరికి వచ్చి, "మీకు అబద్ధం ఆడటం అసలు రాదా?" అంది. ఆ మాటలో కోపం కోసం వెతికినా దొరకలేదు.

ఐప్పసి వాన రెండు రోజులు వదలకుండా కొట్టింది. మూడోనాడు తెరిపివ్వగానే ఇద్దరూ మొగ దగ్గరికి పరుగెత్తారు. కాలవల నీళ్ళు ఎర్రగా వచ్చి నీలంలో కలుస్తున్నాయి. మాడిన కొమ్మల కొసల్లో వేలిగోరంత చిగుళ్ళు. అంతలోనే వాన మళ్ళీ అందుకుంది. గొడుగు ఒకటే ఉంది. శిలంబరసన్ దాన్ని మొక్క మీద పట్టుకున్నాడు.

"వానలో మొక్కకు గొడుగా?"

"కంగారులో..."

"ఎందుకు కంగారు? నిజం చెప్పే మనిషివి గదా, చెప్పు."

అతను చెప్పాడు. సముద్రం హోరులో మనకు వినపడలేదు గానీ, చరితకు వినపడింది. వినపడి కూడా "ఏంది?" అని ఇంకోసారి చెప్పించుకుంది.

ఆమె ఫోన్ మోగింది. వెంకటకృష్ణయ్య అరుస్తున్నాడు. "చరితా, అంగట్లోకి ఒక్క చుక్క రాలేదే! వానకాలంలో నా పంచె తడవనిది ఇదే మొదలు! నువ్వు యాడ ఉండావు?"

చరితకు ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది, ఆగిపోయింది. పక్కనున్న మనిషి అలవాటు అంటుకున్నట్టుంది.

"మొగ దగ్గర, నైనా. శిలంబరసన్‌తో."

అవతల వెనకనుంచి అవ్వ గొంతు ఏదో అంది. ఆ మాటే వెంకటకృష్ణయ్య అప్పజెప్పాడు.

"మీ అవ్వ ఇద్దర్నీ అన్నానికి రమ్మంటా ఉండాది. వచ్చేటప్పుడు... ఆ అబ్బాయి వాళ్ళమ్మను కూడా పిలుచుకొని రమ్మంటా ఉండాది."

పడవ గట్టు చేరగానే శిలంబరసన్ ఒక్క ఉదుటున స్కూటర్ ఎక్కి స్టార్ట్ బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తాళంచెవి చరిత చేతిలో ఉంది, ఆమెకేమో నవ్వు ఆగడం లేదు.