ఎడమ దీపం, కుడి దీపం

"భర్త వేషం ఎవరిది?" అని అడిగాడు ఏజెంట్ ఆర్విడ్ సోల్‌బెర్గ్.

చీఫ్ ఆగ్నెస్ టోర్వాల్డ్ ఫైలు మీంచి తలెత్తలేదు. "ప్రూయిట్‌ది."

"భార్య?"

"మిరేలా."

ప్రూయిట్ తోటి ఏజెంటు, ఆఫీసులోకెల్లా అందగాడు. మిరేలా దోస్తాల్ ఒకప్పుడు అవతలి ముఠా మనిషి. ఇప్పుడు మన మనిషి. ఆ సంగతి ముఠాకి ఇంకా తెలియదు. గత మూడు మిషన్లలోనూ ఆమెకు భర్త వేషం వేసింది ఆర్విడే. మాంట్రియల్‌లో చెయ్యీ చెయ్యీ పట్టుకుని మంచులో రెండు మైళ్ళు నడిచారు. పని అయిపోయాక కూడా ఆ చెయ్యి వదలడానికి ఆమె ఒక నిమిషం ఎక్కువే తీసుకుందని అతడి నమ్మకం. ఆ ఒక్క నిమిషం తలుచుకుంటూ పది నెలలుగా బతుకుతున్నాడు, పిచ్చి మారాజు.

"శ్రద్ధగా విను," అంది చీఫ్. "నిన్న ల్యాబులోంచి సబ్బుబిళ్ళ మాయమైంది."

సబ్బుబిళ్ళ అనేది కోడ్ పేరు. జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే చిప్ అది.

"రేపు చేపల వేట సీజను మొదలు. పొద్దున ఎనిమిదికి గ్రేలింగ్ సరస్సు రేవులో అది చేతులు మారుతుంది. కొనేవాడు వస్తున్నాడని మిరేలాకి ముఠా నుంచి కబురు. అమ్మేవాడు మన ఆఫీసులోనే ఉన్నాడు, ఎవడో తెలీదు. ప్రూయిట్, మిరేలా మొగుడూ పెళ్ళాల్లా బోటు లాక్కుంటూ వెళ్తారు."

"మరి నేనో?"

"వాళ్ళెక్కే ఎస్‌యూవీకి హిచ్, అదే, వెనక బోటు తగిలించే కమ్మీ, బిగిస్తావు. మీ ఇంట్లో, నీ చేతుల్తో. మన గ్యారేజీలో చేయిస్తే దొంగకి తెలిసిపోతుంది."

"అంటే, వాళ్ళ కాపురానికి నేను మెకానిక్కునా మేడమ్?"

"సాయంత్రం ఐదుకల్లా బండి సిద్ధంగా ఉండాలి సోల్‌బెర్గ్."

*

మధ్యాహ్నం రెండింటికి ఆర్విడ్ తన ఇంటి ముందు బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. మా మిన్నెసోటాలో ఒక మగాడు బండి కింద దూరాడంటే మూడు నిమిషాల్లో పక్కింటాయన కాఫీ కప్పుతో ప్రత్యక్షమవుతాడు. క్లారెన్స్ నైక్విస్ట్ రెండు నిమిషాల్లోనే వచ్చాడు.

"ఏమయ్యా ఆర్విడ్, సైలెన్సర్‌ని పట్టి ఉంచే రబ్బరు ఊడి రావట్లేదా? సబ్బు నీళ్ళు పూయి."

"పూశాను."

"ఇంకాస్త పూయి."

ఇంకాస్త పూస్తే వచ్చింది. అందుకు క్లారెన్స్ మీద మరింత మండింది. తీగకు కట్టిన బోల్టులు ఛాసీ గొట్టంలోంచి లాగి, లోపల బోలుగా ఉండే హిచ్ అడ్డకమ్మీని మోకాళ్ళ మీద ఎత్తిపట్టి, నట్లు తిప్పాడు. నట్టు నట్టుకీ ప్రూయిట్ మొహమే కనిపించింది. వాడి పళ్ళ వరస, వాడి జుట్టు, వాడికి ఏడాదికోసారి వచ్చే మెడల్. బిగువు చాలని టార్క్ రెంచి టక్కుమన్నా ఆర్విడ్ ఆగలేదు.

"ఇక చాలయ్యా, తెగుతుంది," అన్నాడు క్లారెన్స్.

ట్రైలరు దీపాల వైరింగులో నాలుగు రంగులు. తెలుపు ఎర్త్. గోధుమ రంగు వెనక దీపాలకి. పసుపు ఎడమకి, ఆకుపచ్చ కుడికి. తెలుపు తెలుపుతో, గోధుమ గోధుమతో కలిపి, మిగతా రెండూ చేతిలో పట్టుకుని ఉండగా బోటు లాక్కుంటూ ట్రక్కు వచ్చింది. ప్రూయిట్ కొత్త గళ్ళచొక్కాలో దిగాడు. మిరేలా దిగుతుంటే నడుము మీద చెయ్యి వేశాడు.

"ఏం గురూ, ఇంకా నేల మీదే ఉన్నావా?"

మిరేలా వంగి, బండి కిందికి చూసి నవ్వింది. "నీ ముక్కుకి గ్రీజు అంటింది ఆర్విడ్." ఆమె చూపుడువేలు అతడి ముక్కు దాకా వచ్చి ఆగింది. వెనక ప్రూయిట్ పిలిచాడు. వేలు వెళ్ళిపోయింది.

ఆర్విడ్ చేతిలో పసుపు, ఆకుపచ్చ. ఒళ్ళంతా మంట. తారుమారుగా కలిపేశాడు.

పెద్ద కుట్రేమీ కాదు. దీపాల పరీక్ష తప్పుతుంది, మిరేలా 'ఎడమ కొడితే కుడి వెలుగుతోంది' అంటుంది, ప్రూయిట్ వెర్రిమొహం వేసుకుని నిలబడతాడు. మళ్ళీ సరిచెయ్యడానికి ఓ గంట పడుతుంది. ఆ గంటా ఆమె ఇక్కడే కాఫీ తాగుతూ ఉంటుంది. అతడికి కావలసింది ఆ గంటే.

బోటుని ట్రక్కు నుంచి విప్పి ఎస్‌యూవీకి తగిలించారు. ట్రైలరు దీపాలు ఒక్కరే చూసుకోలేరు. ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చోవాలి, ఒకరు బోటు వెనక నిలబడి కేకెయ్యాలి. మా వైపు ఎన్ని కాపురాల బండారం బయటపడిందో ఈ పరీక్షలో. ఆర్విడ్ గ్యారేజీలోకి వెళ్ళి చేతులు కడుక్కుంటూ చెవులు రిక్కించాడు.

"ఎడమ!" అని ప్రూయిట్ కేక.

"బాగుంది!" అంది మిరేలా.

ఆర్విడ్ చేతిలో సబ్బు జారింది.

"కుడి!"

"బాగుంది! పద, వెళ్దాం!"

అతడు బయటికి వచ్చేసరికి బోటు సందు మలుపు తిరుగుతోంది. దీపాలు చూడనే లేదు ఆమె. చూసి ఉంటే చెప్పేది. అద్దంలో ఆ ప్రూయిట్‌గాడి మొహమే చూస్తూ కూర్చుందన్నమాట! ఆ రాత్రి అన్నం సహించలేదు. వైర్లు తప్పని ఫోన్ చేసి చెబుదామనుకున్నాడు. అహం అడ్డొచ్చింది. ఏడవనీ వెధవని, అనుకున్నాడు.

*

శనివారం పొద్దున ఆరున్నరకి క్లారెన్స్ కాఫీ కప్పుతో వచ్చాడు.

"ఆ అమ్మాయికి చెవిపోగు దొరికిందా?"

"ఏ చెవిపోగు?"

"నిన్న బంపరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కమ్మీ గొట్టంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికిందిగా. అక్కణ్ణించే 'బాగుంది, బాగుంది' అని అరుస్తోంది. బోటు వెనక్కి వెళ్ళి చూడమ్మా అందామనుకున్నా. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని ఊరుకున్నా."

ఆర్విడ్‌కి ముందు కలిగింది దిగులు కాదు, సంతోషం. ఆమె ప్రూయిట్‌ని చూడలేదు! సిగ్గులేని సంతోషం. తర్వాత అసలు సంగతి తట్టింది. హిచ్ కమ్మీ చివర తెరిచే ఉంటుంది. లోపల ఒక చిప్ ఎంచక్కా పడుతుంది. తను బిగించిన కమ్మీలోనే, దొంగని పట్టడానికి వెళ్తున్న బండిలోనే సబ్బుబిళ్ళ వెళ్తోంది. మిరేలా అవతలి ముఠాని ఎన్నడూ వదల్లేదు. కొనేవాడి కబురు తెచ్చింది కూడా అందుకే, దొంగని పట్టే బండిని ఎవరూ సోదా చెయ్యరు కదా.

మరి మాంట్రియల్‌లో ఆ ఒక్క నిమిషం?

ప్రూయిట్ ఫోన్ మోగలేదు. ఆ అడవిలో సిగ్నల్ ఉండదు. చీఫ్‌కి రెండు ముక్కలు చెప్పి, మారువేషాల పెట్టె కారులో పడేసి, ఆర్విడ్ నలభై మైళ్ళు ఉరికించాడు.

*

ఏడు యాభై ఏడు. రేవులో ముప్ఫై బోట్లు వరసలో ఉన్నాయి. మూడో బండి ప్రూయిట్‌ది. బోట్లకి వేరే సరస్సుల కలుపుమొక్కలు అంటుకున్నాయేమో చూసే ఇన్‌స్పెక్టరు నారింజరంగు కోటు వేసుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, కర్రకి కట్టిన అద్దంతో ఒక్కో ట్రైలరు కింద తొంగిచూస్తూ వచ్చాడు. అతణ్ణి ఎవరూ రెండోసారి చూడలేదు. వాళ్ళని ఎవరు చూస్తారు?

కొత్త లైఫ్ జాకెట్ తొడుక్కున్న లావాటి మనిషి ఒకడు బకెట్టుతో మిరేలా దగ్గరికి వచ్చాడు.

"వానపాములు ఉన్నాయా?"

"లేవు. జలగలు ఉన్నాయి," అంది మిరేలా.

కోడ్ కలిసింది. ఇక్కడ బోటు నీళ్ళలోకి దించేముందు దీపాల ప్లగ్గు పీకడం అందరికీ అలవాటే. చన్నీళ్ళు తగిలితే వేడి బల్బు పగులుతుంది. కాబట్టి మిరేలా బంపరు దగ్గర వంగితే ఎవరికీ అనుమానం రాలేదు. ఎడంచేత్తో ప్లగ్గు పీకింది. కుడిచెయ్యి కమ్మీ గొట్టంలో పెట్టింది.

గొట్టం ఖాళీ. బండి కిందనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టుకి బేడీ వేసింది.

"కలుపు అంటిందేమోనని చూస్తున్నా మేడమ్," అన్నాడు ఆర్విడ్. రెండో చేతిలో సబ్బుబిళ్ళ.

బకెట్టువాడు పరుగెత్తాడు. "ప్రూయిట్! వాడే!" అని ఆర్విడ్ అరిచాడు. ప్రూయిట్ చేపల వల తీసి వాడి తల మీద వేశాడు. అందంగానే వేశాడు, కాదనడానికి లేదు.

మిరేలా వంగి బండి కిందికి చూసింది. "ఎలా తెలిసింది నీకు?"

"వైర్లు తప్పు కలిపాను. నువ్వు బాగుందన్నావు."

"కావాలనే కలిపావా? ఎందుకు?"

"నిన్ను ఇంకో గంట ఉంచుకోవడానికి. వాడంటే కుళ్ళుతో."

ఆమె నవ్వబోయి ఆగింది. "మాంట్రియల్‌లో..." అంది. ఈలోగా చీఫ్ పంపిన వాళ్ళు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు. ఆ మాట సగంలోనే ఉండిపోయింది. ఆర్విడ్ ఆ సగాన్నీ దాచుకున్నాడు.

*

"రిపోర్టులో ఏం రాయను?" అంది చీఫ్ ఫోన్‌లో. "ఎలా కనిపెట్టావు?"

"దీపాల పరీక్ష మేడమ్."

"అది పాసయిందన్నారుగా?"

"అందుకే."

ఆ మధ్యాహ్నమే ఆర్విడ్ తన ఇంటి ముందు పసుపు వైరు పసుపుతో, ఆకుపచ్చ ఆకుపచ్చతో కలిపాడు. ప్రూయిట్ బోటు వెనక నిలబడ్డాడు.

"నలభై మైళ్ళూ జనం నా మీద హారన్లు కొట్టారు గురూ. అందగాణ్ణని కొడుతున్నారేమో అనుకున్నా."

"ఎడమ!" అని కేకేశాడు ఆర్విడ్.

"బాగుంది!" అన్నాడు ప్రూయిట్.

ఆర్విడ్ బండి దిగి, బోటు చుట్టూ తిరిగి, వెనక్కి వెళ్ళి తన కళ్ళతో చూసుకున్నాడు. బాగానే ఉంది.