తెల్లబడని మూల

"నేను మందు సక్కగనే పూసిన సార్. నేరం నా మీద మోపిండ్రు," అంది రమ. డిటెక్టివ్ రఘుపతి ఎదుట కూర్చుందే గాని ఆమె చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. జీపు చప్పుడైతే చాలు, పోలీసులేమోనని తలుపు వైపు చూస్తోంది.

నల్లగొండలో పరశురాములు డాక్టరు నడిపే పళ్ల దవాఖానలో రమ సహాయకురాలు. నిన్న కేతేపల్లి నుంచి సుహాసిని అనే పెళ్లికూతురు వచ్చింది. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన పిల్ల, పళ్లన్నీ గోధుమరంగు. డాక్టరు చెప్పినట్టే రమ తెల్లబరిచే మందు పూసింది. పళ్లన్నీ తెల్లబడ్డాయి, ముందు పన్ను మూల ఒక్కటే గోధుమరంగుగా మిగిలింది. రమ మందు ఎక్కువ పూసి కాల్చిందని డాక్టరు తేల్చేశాడు. పైగా రమ తండ్రి గాలయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, మహానుభావుడు! పోలీసు కేసు పెడతానని పెళ్లికూతురి తల్లి నిర్మలమ్మ కూర్చుంది.

"మా నాయిన నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేడు సార్. జైలుకన్న గదే ఎక్కువ భయమైతాంది."

"మందు పూసే ముందు ఎవరన్న ఏమన్న అడిగిండ్రా?"

"పండ్లకు సిమెంటు గిట్ల పెట్టించిండ్రా అని నేనే అడిగిన. ఏం లేదని వాళ్లమ్మ గబగబ అన్నది. పక్కన కాబోయే ఆడబిడ్డ కూసున్నది. డాక్టర్ సారు పండ్లు చూడనే లేదు, ఫోన్ల ఉన్నడు."

రఘుపతి చటుక్కున లేచాడు. ఆయన సహాయకుడు మల్లేష్ ముఖం వెలిగిపోయింది. "మా సార్ గిట్ల లేసిండంటే సగం కేసు అయిపోయినట్టే అక్కా, ఫికర్ జెయ్యకు," అన్నాడు. ఫికర్ మాత్రం రమను వదల్లేదు.

దవాఖాన మెట్ల కింద గాలయ్య నిలబడి ఉన్నాడు. కూతురిని చూసి తల తిప్పుకున్నాడు. రమ కాళ్లీడ్చుకుంటూ లోపలికి నడిచింది. మల్లేష్ అప్పటికే అందరినీ కూర్చోబెట్టాడు.

రఘుపతి టార్చి వేసి సుహాసిని నోట్లోకి చూశాడు. "నొప్పున్నదా బిడ్డా?"

"ఆ మూల ఏం నొప్పి లేదు. తెల్లబడ్డ పండ్లే జర జివ్వుమంటున్నయి."

"బడికి పోయేటప్పటి ఫోటో ఉన్నదా?"

"గది ఇప్పుడెందుకు?" అని నిర్మలమ్మ అడ్డుపడే లోపే సుహాసిని ఫోన్ చేతికిచ్చింది. ఫోటోలో రెండు జడల పిల్ల పకపకా నవ్వుతోంది. ముందు పన్ను మూల విరిగి ఉంది.

రఘుపతి అందరి వైపూ తిరిగాడు. "కాలితే చిగుళ్లు ఎర్రబడవా? గీత గీసినట్టు ఒక్క మూలనే కాలుతదా? అది పన్ను కాదు, సిమెంటు. మందుకు పన్ను తెల్లబడుతది గని సిమెంటు తెల్లబడదు. అప్పట్ల గోధుమరంగు పండ్లకు కలిసేటట్టు గదే రంగు సిమెంటు పెట్టిండ్రు. మందుకు పండ్లు మారినయి, సిమెంటు ఉన్నట్టే ఉన్నది."

నిర్మలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చిన్నప్పుడు బోరింగు కొడుతుంటే పిడి తగిలి ఇరిగిందయ్యా. ఆడబిడ్డ ముందర ఇరిగిన పన్నని ఎట్ల చెప్పాలె?"

"నువ్వు భయానికి దాస్తివమ్మా. మరి డాక్టర్ సాబ్, సిమెంటును మీరు గుర్తుపట్టలేరా? ముందుగాల చూడకపోవుడు మీ తప్పు. నిన్న ఆ మూల చూసి సిమెంటని తెలిసినంక గీ పిల్ల మీదికి తోసుడు ఇంకా పెద్ద తప్పు."

పరశురాములు చూపు దించుకుని గొణిగాడు, "రెండు వారాలు రంగు నిలవడనిచ్చి కొత్త సిమెంటు పెడత."

"ఆలోపల పెండ్లయితే అయితది," అంది సుహాసిని. "పెండ్లికొడుకుకు నేనే చెప్పుకుంట. కేసు లేదు, గీసు లేదు."

"రేపు డ్యూటీకి రా రమా," అన్నాడు డాక్టరు.

"గది తర్వాత సార్. మా నాయినకు ఫోన్ల చెప్పిన మాట అబద్ధమని, కిందికి దిగి మీ నోటితోని చెప్పుండ్రి."

డాక్టరు దిగాడు. నలుగురూ చూస్తుండగా చెప్పాడు. గాలయ్య ఆయన్ని దాటి మెట్లెక్కి కూతురి దగ్గరికి వచ్చాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?" అన్నాడు.

రమ బావురుమంది.