మోగని అతుకు

ఆ షెడ్డుకి పేరు చెడి నాలుగేళ్ళయింది.

సందు చివరింటి వెనకాల ఉంటుంది. రేకుల కప్పు, రేకుల గోడలు. అందులో ఒకడు డ్రిఫ్ట్ కారు తయారు చేసుకున్నాడు. డ్రిఫ్ట్ అంటే మలుపులో కారుని తిన్నగా పోనివ్వకుండా, వెనక చక్రాలు జార్చి, అడ్డంగా ఈడ్చుకుపోయే ఆట. అందుకే అతన్ని వీధంతా అడ్డబండి అనేవాళ్ళు. కారు పల్టీ కొడితే లోపలి మనిషి నలిగిపోకుండా ఇనప గొట్టాలతో పంజరం కడతారు. రోల్ కేజ్ అంటారు దాన్ని. అడ్డబండి అదీ ఆ షెడ్డులోనే కట్టుకున్నాడు. ఒకరోజు కారు పల్టీ కొట్టింది... పంజరం అతుకు దగ్గర విచ్చుకుంది... అడ్డబండి ఇంటికి రాలేదు.

రాలేదని ఇంట్లోవాళ్ళు ఏడ్చారు. వస్తున్నాడని వీధి చెప్పుకుంది. రాత్రిపూట, చేతిలో చిన్న సుత్తితో. గొట్టం మీద ఓసారి తడతాడు... చెవి పెట్టి వింటాడు... ఇంకో గొట్టం దగ్గరికి జరుగుతాడు. తనని చంపిన అతుకు ఏదో వెతుక్కుంటున్నాడట.

మూడేళ్ళు ఆ ఇల్లు ఖాళీగా పడుంది. ఆఖరికి గ్రిల్లు మేస్త్రి దిగాడు అందులో. భార్య, తమ్ముడు, తమ్ముడి భార్య, వెల్డింగ్ మిషను, వీటన్నిటికన్నా బరువైన తన గొప్పలు. దెయ్యాలు పనిలేనివాళ్ళకి కనపడతాయని వచ్చిన రోజే వీధిలో నిలబడి చెప్పాడు.

కిటికీ గ్రిల్లులు, గేట్లు అతని పని. అతుకు కనపడితే అది నా పనే కాదనేవాడు. నిజమే, కనపడేది కాదు. కంటికి ఆనేంత మేరే అతికేవాడు, ఉబ్బుగా ఉన్నదాన్ని గ్రైండరుతో చదును చేసేవాడు, సందుల్లో పుట్టీ కూరి, రుద్ది, రంగేసేవాడు. పాతికేళ్ళూ అలాగే గడిచిపోయింది. గడవక ఏం చేస్తుంది? కిటికీ పల్టీ కొట్టదు కదా.

తమ్ముడు రాత్రి డ్యూటీలో సరుకుల వ్యాను నడుపుతాడు. డ్రిఫ్ట్ పిచ్చి. పాత కారొకటి కొని షెడ్డులో పెట్టాడు. పంజరం లేని కారుని పోటీలో అడుగు పెట్టనివ్వరు. అన్నయ్య ఉండగా బయటివాడెందుకన్నాడు. ఆ ఒక్క మాటకి మేస్త్రి ఉబ్బిపోయి, మూడు సాయంత్రాలు ఫోను చూసి, ఇంకొకళ్ళు ముప్పై ఏళ్ళు చెమటోడ్చి నేర్చుకున్న పని నేర్చేసుకున్నాననుకున్నాడు.

గొట్టాలు వంచడం బాగానే వంచాడు. చిక్కంతా పైన వచ్చింది. సీటు వెనక నుంచి లేచిన గొట్టం కారు కప్పుని దాదాపు ఆనుకుంటుంది. మధ్య సందు రెండు వేళ్ళు. అక్కడి నాలుగు అతుకుల పైభాగానికి వెల్డింగ్ చెయ్యి పోదు. పని తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, గొట్టాల కాళ్ళ కింద కారు నేలని కోసి, పంజరం మొత్తాన్ని జానెడు కిందికి దింపుతారు. పైన చుట్టూ అతికి, మళ్ళీ ఎత్తి, కాళ్ళ కింద మందపు రేకు పెట్టెలు బిగిస్తారు. ఫోనులో ఆ ముక్కా చూశాడు మేస్త్రి. ఎవడూ చూడని చోటు కోసం బంగారంలాంటి నేల కోసుకోమంటారా అని నవ్వి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మూడు పక్కలా అతికాడు. నాలుగో పక్క పుట్టీ. ఎర్ర రంగు రెండు పూతలు. తళతళలాడింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే మర్యాద జరిగింది. రంగు వాసన ఇంట్లోకొస్తోందన్న భార్యకి, చప్పుడెక్కువైందన్న పక్కింటాయనకి, పైన కూడా చుట్టూ అతికారా బావగారూ అనడిగిన మరదలికి. ఎవరి పని వాళ్ళు చూసుకోండన్నాడు. ఆడవాళ్ళకైతే వంటింటి దారి కూడా చూపించాడు.

పోటీ ఆదివారం. బుధవారం రాత్రి చప్పుడు మొదలైంది.

ఖణ్... ఖణ్...

మేస్త్రి కళ్ళు తెరిచాడు. పక్కన భార్య అప్పటికే లేచి కూర్చుంది.

"విన్నారా?" అంది, గొంతు నొక్కిపెట్టి.

"ఎలక."

"ఎలక సుత్తి పట్టుకుంటుందా?"

ఖణ్... ఖణ్... డబ్.

ఆగింది. అదే చోట మళ్ళీ... డబ్... డబ్.

మేస్త్రి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. అదీ అతని ధైర్యం. తెల్లారాక వీరుడిలా షెడ్డు తలుపు తీశాడు. కారు ఉన్నచోటే ఉంది. పంజరం ఉన్నట్టే ఉంది. కానీ పైన, కప్పు కింద... గొట్టానికి చుట్టూ తెల్లటి సుద్ద గీత. ఒకటి కాదు. నాలుగు.

నాలుగూ పుట్టీ పెట్టిన చోట్లే.

అక్కడ పుట్టీ ఉందని ఈ భూమ్మీద తెలిసింది ఒక్కడికే.

భయపడ్డవాడు ఏం చెయ్యాలి? అతుకు విప్పాలి, తిన్నగా అతకాలి. మన మేస్త్రి సుద్ద తుడిచేసి మూడో పూత రంగేశాడు. దెయ్యాన్ని కూడా రంగుతో బోల్తా కొట్టించవచ్చనుకునే రకం. ఆ పైన తాళం మార్చాడు. కొత్త తాళానికి రెండు చెవులు. ఒకటి తన నడుముకి కట్టుకున్నాడు, రెండోది కారు సొంతదారుడని తమ్ముడికిచ్చాడు.

గురువారం రాత్రి మళ్ళీ వచ్చింది. ఈసారి తట్టడంతో ఆగలేదు. గీరుతోంది... ఇనుము మీద ఇనుము... పళ్ళు జిల్లుమనేలా. పొద్దున చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. నాలుగు చోట్లా రంగు లేచిపోయింది. తమ్ముడు కూర్చోబోయే సీటు మీద పుట్టీ పొడి, తెల్లగా, బూడిదలా.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపాడే గానీ నోట్లో పెట్టుకోలేదు. అడ్డబండి తన తమ్ముణ్ణి తోడు తీసుకుపోవడానికే వస్తున్నాడని అతనికి రూఢి అయిపోయింది. తమ్ముడు ఎదురుగానే కూర్చున్నాడు, మొదటి మలుపుని ఎలా కొడతాడో చెబుతూ, గరిటెని అడ్డంగా తిప్పి చూపిస్తూ. ఆ అతుకులు మంచివి కావురా అన్న మాట మేస్త్రి గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. ప్రాణం కన్నా పరువు బరువనిపించింది. పోయేది తమ్ముడి ప్రాణం, నిలిచేది తన పరువు. లెక్క సులువే.

కానీ భయం మాత్రం తనది. అందుకని శుక్రవారం రాత్రి తమ్ముడు డ్యూటీకి పోగానే, పెద్ద స్పానరు పట్టుకుని వెళ్ళి, లోపల గడియ వెయ్యకుండా తలుపు మూసి, పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి బయటి తాళం వేసుకుని, కారులో సీటు వెనక నక్కాడు. దెయ్యంతో తేల్చుకుందామని కాదు. ఏం కావాలో అడిగి, ఇచ్చేసి, పంపేద్దామని.

చీకటి... రేకు ఒకటి గాలికి కొట్టుకుంటోంది... తన ఊపిరి తనకే పెద్దగా వినిపిస్తోంది.

తాళం తిరిగింది.

దెయ్యానికి తాళంచెవి ఎందుకని ఆలోచించే బుర్ర ఆ క్షణాన అతనికి లేదు. తలుపు తెరుచుకుంది... మూసుకుంది. అడుగుల చప్పుడు కారు చుట్టూ తిరిగింది.

ఖణ్.

ముందు గొట్టం.

ఖణ్... ఖణ్...

పక్క గొట్టం. దగ్గరికొస్తోంది. స్పానరు చేతిలోంచి జారి ఒళ్ళో పడింది.

డబ్.

సరిగ్గా నెత్తి మీద. జుట్టులో పొడి రాలింది. చీకట్లో ఎవరో నిట్టూర్చారు... "ఇదీ పోయింది."

చల్లటిదేదో వచ్చి అతని నుదుటికి తగిలింది.

"వదిలెయ్ నాయనా," అన్నాడు మేస్త్రి. ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు. "మావాణ్ణి తీసుకుపోకు... నాలుగూ పుట్టీయే... నేనే పెట్టాను... పైన అతకలేదు... ఎవరికీ తెలీదనుకున్నాను..."

టార్చి వెలిగింది.

ఒక చేతిలో చిన్న సుత్తి, ఇంకో చేతిలో సందుల్లోకి చూడ్డానికి పుల్లకి కట్టిన అద్దం. కొంగు నడుముకి దోపుకుని, మరదలు.

"ఈ మాట పగలే చెప్పుంటే నాకు మూడు రాత్రుల నిద్ర మిగిలేది బావగారూ," అంది.

పాత గ్యాసు సిలిండర్లు పరీక్షించే చోట ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా రోజుకి వందల సిలిండర్లు తట్టి వింటుంది. ఖణ్‌మంటే పక్కకి, డబ్‌మంటే చెత్తలోకి. కారు పంజరాన్ని మొదటి రోజే ఓసారి వేలితో తట్టి వెళ్ళిందట. మొగుడికి చెబితే అన్నయ్య పనికి వంక పెట్టొద్దని కొట్టిపారేశాడట. తమ్ముడు డ్యూటీకి పోతూ తాళాలగుత్తి మేకుకి తగిలించి పోతాడు. మిగతాదంతా వీధి కట్టిన కథే చేసి పెట్టింది.

మనిషేనని తెలిశాక మేస్త్రికి గొంతు తిరిగొచ్చింది. ఏడ్చిన చెంపలు తుడుచుకోకుండానే మండిపడ్డాడు. పెద్దవాణ్ణి ఇలా హడలగొట్టడం ఏ ఇంటి మర్యాదని అడిగాడు. ఆమె తొణకలేదు.

"మరదలు అడిగితే వంటింట్లోకి పొమ్మన్నారు. దెయ్యం అడిగితే నిజం చెప్పారు. నేనేం చెయ్యను?"

మేస్త్రి మెట్టు దిగాడు. సరే, తప్పే, పోటీ అవ్వగానే మొత్తం విప్పి అతుకుతానన్నాడు. ఒక్కరోజుకి ఏమీ కాదన్నాడు. బండి పల్టీ కొడుతుందని రాసిపెట్టి ఉందా అన్నాడు.

ఆమె టార్చి తిప్పి డ్రైవరు పక్క సీటు మీద వేసింది.

"ఒక్కరోజే కదా. ఆదివారం ఈ సీట్లో మీరు కూర్చోండి."

తమ్ముణ్ణి కూర్చోబెట్టడానికి వెనకాడని చోట తను కూర్చోడానికి ఆ పెద్దమనిషికి కాళ్ళు రాలేదు. సీటుని చూశాడు. పైన విచ్చుకున్న పుట్టీని చూశాడు. మరదలి మొహం మాత్రం చూడలేకపోయాడు.

లేచి వెళ్ళి కట్టర్ ప్లగ్గు పెట్టాడు.

రాత్రి రెండింటికి షెడ్డు అరిచింది. కారు నేల కోస్తుంటే రేకుల సందుల్లోంచి నిప్పురవ్వలు చిమ్మాయి. పంజరం జానెడు కిందికి దిగింది. నాలుగు అతుకులూ చుట్టూ తిరిగి నిండాయి, ఆమె టార్చి పట్టుకుంటే, అతను గ్రైండరు ముట్టకుండా. శనివారం రాత్రికి ఏ గొట్టం తట్టినా ఒకటే మోత. ఆదివారం తమ్ముడు కారు నడిపితే పక్క సీట్లో అన్న కూర్చున్నాడు, మొదటి మలుపు నుంచి ఆఖరి మలుపు దాకా కళ్ళు మూసుకుని.

వీధి మాత్రం ఆ శుక్రవారాన్ని మర్చిపోలేదు. అడ్డబండి తట్టి తట్టి విసిగి, ఆ రాత్రి నిప్పులు కక్కుతూ కారునే కోశాడని ఇప్పటికీ చెబుతారు. చీకటి పడ్డాక ఆ సందులోకి పిల్లలని పంపరు.

గ్రిల్లు మేస్త్రి ఆ మాటలు వింటాడు. దెయ్యాలు పనిలేనివాళ్ళకే కనపడతాయని ఇప్పుడు అనడు. కథ తప్పని కూడా చెప్పడు. చెప్పాలంటే ఆ వచ్చింది ఎవరో చెప్పాలి... ఎందుకు రావలసి వచ్చిందో కూడా చెప్పాలి.