మూడు నెలలకే వెలిగిన లైటు

"ఈ లైటు ఇప్పుడు వెలగకూడదండీ," అంది చిన్ని. వ్యాన్ స్టీరింగ్ వెనక చిన్న స్పానర్ బొమ్మ నారింజ రంగులో వెలుగుతోంది.

"వెలిగిందిగా మరి," అన్నాడు మొక్కలబ్బాయి.

"ఎందుకు వెలిగిందనే అడుగుతున్నా."

"మెకానిక్ మీరు. నన్నడిగితే ఎలా?"

చిన్నికి నవ్వొచ్చింది కానీ, పైకి రానివ్వలేదు.

ఆ గ్యారేజి చిన్నిదీ, వాళ్ళ బాబాయిదీ. మోకాళ్ళు అరిగాక బాబాయి ముందు కుర్చీకే పరిమితమయ్యాడు. ఫోన్లు ఎత్తడం, వచ్చేపోయేవాళ్ళని పలకరించడం ఆయన పని. బండ్ల కింద దూరే పనంతా చిన్నిదే. ఊరి అవతల నర్సరీ నడిపే మొక్కలబ్బాయి తన పాత ఆకుపచ్చ వ్యాన్‌ని మూడేళ్ళుగా ఇక్కడికే తెస్తున్నాడు. ఆరునెలలకోసారి లైటు వెలిగేది, వచ్చేవాడు. వస్తూ ఒక మొక్క తెచ్చేవాడు. గ్యారేజి గోడవార ఖాళీ ఆయిల్ డబ్బాల్లో పెరుగుతున్న ఆరు మొక్కలూ అలా వచ్చినవే.

ఈసారి మూడు నెలలకే వచ్చాడు.

"బండి పాడయిందేమో," అన్నాడతను. ఆ గొంతులో దిగులేమీ లేదు.

"ఈ లైటుకి బండి సంగతి తెలీదండీ. కిలోమీటర్లు లెక్కపెడుతుంది, అంతే. ఎనిమిది వేలు తిరిగితే వెలుగుతుంది."

డోరు పక్కన తను అంటించిన స్టిక్కర్ చూసింది చిన్ని. కిందటిసారి ఆయిల్ మార్చినప్పటి రీడింగ్, తన చేతిరాతే. ఇప్పటి రీడింగ్‌లోంచి తీసేస్తే ఎనిమిది వేల చిల్లర. లైటు తప్పేమీ లేదు.

"రోజుకి యాభై కిలోమీటర్లు తిరిగేవారు. ఇప్పుడు వంద తిరుగుతున్నారు. ఎక్కడికి?"

అతను ముందు టైరు వైపు చూశాడు. "పని పెరిగింది."

అబద్ధం చెప్పేవాళ్ళు తన కళ్ళలోకి కాకుండా టైర్లలోకి చూడటం చిన్నికి అలవాటే. బండి కింద నిలబడి పనిచేసే గొయ్యి, పిట్ మీదికి వ్యాన్‌ని తీసుకెళ్ళడానికి లోపల కూర్చుంది. అప్పుడు కనిపించాయి ఒక్కొక్కటీ. పక్క సీటు బాగా ముందుకు జరిగి ఉంది. ఎండ తగలకుండా ఉండే అట్ట కిందికి దించి ఉంది, అందులో అద్దం తెరిచి ఉంది. గేర్ పక్కన గుంటలో జుట్టుకి పెట్టుకునే క్లిప్పు. ఎప్పుడూ తడి మట్టి వాసన వేసే వ్యాన్‌లో ఇవాళ ఏదో సెంటు వాసన.

"అయిందా నీ పని?" అని రోడ్డు అవతలి నుంచి ఎవరో కేకేశారు.

టీకొట్టు ముందు ఒకమ్మాయి నిలబడి ఉంది. పొడుగ్గా, చుట్టచుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని, తీరిగ్గా. చూడ్డానికి బాగుంది. అది కూడా భరించొచ్చు. కానీ 'నీ పని' అంది. మూడేళ్ళుగా చిన్ని 'మీరు' దగ్గరే ఆగిపోయింది.

"ఆవిడెవరు?" అంది, బోల్టు ఎంత బిగువుగా ఉందని అడిగినట్టు.

"డిజైనర్. పెద్దపెద్ద ఇళ్ళకి తోటలు వేస్తుంది. మొక్కలు మావి. మూడు నెలలుగా కలిసి పనిచేస్తున్నాం."

మూడు నెలలు. నాలుగువేల కిలోమీటర్లు ఎక్కువ. చిన్నికి లెక్క తేలిపోయింది.

ఆయిల్ మార్చింది. ఫిల్టర్ మార్చింది. ఆ రోజు బిగించిన బోల్టుల్ని మళ్ళీ విప్పడం తన వల్ల కూడా కాదేమో. అంతా అయ్యాక అతన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టింది.

"కీ ఆఫ్ చెయ్యండి. ఈ బటన్ నొక్కండి. వదలకుండా కీ తిప్పి, పది లెక్కపెట్టండి."

పది దాకా లెక్కపెట్టాడు. లైటు ఆరిపోయింది.

"ఇంతే. ఆయిల్ ఎవరైనా మారుస్తారు, లైటు మీరే ఆర్పేసుకోవచ్చు. మీ నర్సరీ పక్కనే రెండు గ్యారేజీలున్నాయి. ఇంత దూరం రానక్కర్లేదు."

"రానక్కర్లేదా?"

"అక్కర్లేదు."

అతను బండి తీశాడు. ఈసారి తెచ్చిన మొక్క వ్యాన్ వెనకే ఉండిపోయింది. మరిచిపోయాడో, దించబుద్ధి కాలేదో.

తర్వాత మూడు వారాలు చిన్ని ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పిట్‌లో నిలబడి స్పానర్ తిప్పుతూ వాళ్ళిద్దర్నీ రకరకాల రోడ్ల మీద తిప్పింది. ఒకరోజు సముద్రం దాకా పంపించింది. వాన కురిపించింది. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుంటూ క్లిప్పు పెట్టుకుంటే అతను పక్కనుంచి చూసి నవ్వాడు. ఇదంతా తనే ఊహించుకుని, తనే కుమిలిపోయింది.

నాలుగో వారం మొదట్లో డిజైనర్ ఒక్కతే వచ్చింది. వ్యాన్ లేదు, చేతిలో కాగితాలు లేవు.

"చిన్ని అంటే మీరేగా. నేను వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాను. పోయేలోపు ఒక మాట చెప్పి వెళ్దామని."

చిన్ని చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"నర్సరీ నుంచి మా సైటు పావుగంట దూరం. అతను రోజూ బైపాస్ ఎక్కించి, ఈ వీధిలోంచి తిప్పి తీసుకెళ్ళేవాడు. వచ్చేటప్పుడూ అంతే. ఇటు రోడ్డు బాగుంటుందనేవాడు. నాతో ఇంకాసేపు కబుర్లు చెప్పడానికేమో అనుకుని నేను మురిసిపోయాను." ఆమె నవ్వింది, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "తర్వాత గమనించాను. మీ గ్యారేజి రాగానే బండి నెమ్మదిస్తుంది. మాట మధ్యలో ఆగిపోతుంది. మీరు బయట కనిపిస్తే ఆ పూటంతా ఈల వేస్తాడు. కనిపించకపోతే నేను పక్కనున్న సంగతే గుర్తుండదు."

"నేను పిట్‌లో ఉంటాను," అంది చిన్ని.

"అందుకే నాకు ఈల వినిపించడం తక్కువ. మీరంటే నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో మీకు తెలీదు."

"నాకు కూడా మీరంటే..."

"తెలుసు. ఆ రోజు టీకొట్టు దగ్గర మీ చూపు తగిలి నా టీ చల్లారిపోయింది." ఈసారి ఇద్దరూ నవ్వారు. "మీరేమన్నారో ఏమో, మూడు వారాలుగా దగ్గర రోడ్డులోనే వెళ్తున్నాడు. ఈల లేదు. నాకు దక్కకపోతే పోయింది కానీ, అలా మూగగా తిరుగుతుంటే చూడలేకపోతున్నాను."

ఆమె వెళ్ళాక చిన్ని బాబాయి కుర్చీ దగ్గరికొచ్చింది.

"ఆ ఆకుపచ్చ వ్యాన్ రోజూ ఇటు పోయేదా బాబాయ్?"

"రోజుకి రెండుసార్లు. నీకు తెలుసనుకున్నానే."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే, పోయే బండ్లు చూడ్డం తప్ప నీకు పనిలేదా అంటావు."

మర్నాడు పదకొండింటికి చిన్ని గ్యారేజి బాబాయికి అప్పగించి నర్సరీకి వెళ్ళింది. మొక్కలబ్బాయి నేల మీద కూర్చుని కుండీల్లో మట్టి నింపుతున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ కుండీ వైపు చూశాడు.

"లైటు వెలగలేదండీ. ఇంకా చాలా టైముంది."

"లైటు కోసం రాలేదు. మీకు రానక్కర్లేదని చెప్పాను. అది తప్పు."

"ఎందుకన్నారలా?"

దారంతా రెండు మూడు జవాబులు తయారు చేసుకుంది. ఏదీ పనికి రాలేదు. "కుళ్ళుకుని," అంది.

అతని చేతిలో మట్టి అలాగే ఉండిపోయింది. "ఎవర్ని చూసి?"

"సీటు ముందుకు జరిగి ఉంది."

"సీటుని చూసా?"

"అద్దం తెరిచుంది. క్లిప్పు ఉంది. సెంటు వాసన. పైగా ఆవిడ నిన్ను 'నువ్వు' అంది."

"ఇప్పుడు నువ్వు కూడా అన్నావు."

చిన్ని ఒక్క క్షణం తను అన్న మాటని తనే వెతుక్కుంది. "అని ఉంటాను," అంది.

అతను లేచి చేతులు దులుపుకున్నాడు. "ఆరునెలలకోసారి వెలిగే లైటు కోసం ఎదురుచూడ్డం నా వల్ల కాలేదు. రోజూ అటుగా పోతే కనిపిస్తావు కదా అనుకున్నాను. నువ్వు కిలోమీటర్లు లెక్కగడతావని తట్టలేదు."

"ఆగి చెప్పొచ్చుగా."

"ఎప్పుడొచ్చినా బండి కిందే ఉంటావు. నీ బూట్లకి ఏం చెప్పను?"

నవ్వు ఆగలేదు చిన్నికి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చేతికున్న గ్రీజు బుగ్గకి అంటింది. అతను తుడవబోయాడు. గ్రీజు పోలేదు సరికదా, దాని మీద మట్టి చేరింది.

మొక్కల నీడకి కట్టిన ఆకుపచ్చ వల అవతల నీళ్ళ చప్పుడు ఆగింది. పైపు పట్టుకుని మొక్కలబ్బాయి వాళ్ళమ్మ ఇవతలికొచ్చింది. చిన్ని బుగ్గ చూసింది. కొడుకు చెయ్యి చూసింది.

"గ్యారేజి అమ్మాయివి నువ్వేనా?"

"అవునండీ."

"మూడు నెలలు మధ్యాహ్నం భోజనానికి రెండింటికి ముందు రాలేదు వీడు. ట్రాఫిక్ అన్నాడు. ఈ మూడు వారాలూ పన్నెండింటికే వచ్చి, సగం తిని లేచిపోతున్నాడు. అదేమంటే ఆకలి లేదంటాడు." పైపు కింద పెట్టి చీర కుచ్చెళ్ళ మీది నీళ్ళు దులుపుకుంది. "మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరమ్మా?"

"బాబాయి ఉన్నారు."

"ఆయన నంబరు చెప్పు."

చిన్ని ఒక్కో అంకె చెప్పింది. అవతల ఫోన్ ఎత్తారు.

"నమస్కారం అన్నయ్యగారూ," అంది వాళ్ళమ్మ, ఎన్నాళ్ళనుంచో ఎరిగిన మనిషితో మాట్లాడుతున్నట్టు. "మీ అమ్మాయి మా దగ్గరే ఉంది. ఇక్కడే భోంచేస్తుంది. సాయంత్రం మీరు ఇంట్లోనే ఉంటారుగా? మేం ముగ్గురం కలిసి వస్తాం."