అలక కుర్చీ

అప్పుడు నేను కొత్తగా చేరిన లెక్కల మాస్టార్ని. ఇస్త్రీ చొక్కా, దువ్విన క్రాపు. ఊరంతా నన్ను లెక్కచేసేది, ఆటల టీచరు తప్ప.

ఓ రోజు జోరున వాన. "ఆటలెలాగూ ఉండవు, ఆ పీరియడ్లో భిన్నాలు చెప్పెయ్" అని హెడ్మాస్టారు పంపితే, సుద్దముక్కతో ఆటల గదిలోకి దూరాను.

ఆటల టీచరు నన్ను చూసి మూతి ముడిచింది. మూలనున్న చిట్టి నీలం కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుండిపోయింది.

"ఏమైంది మేడమ్?"

ఆవిడ మొహం తిప్పుకుంది. రెండుజడల పిల్ల ఒకతె నామీద జాలిపడింది.

"అది అలక కుర్చీ సార్. కోపమొస్తే అరవకుండా అందులో కూర్చోవాలి. కోపం తెప్పించినవాళ్ళే వచ్చి పిలవాలి."

"ఓస్, ఇంతేనా? సారీ మేడమ్!"

"సారీ చెల్లదు సార్!" క్లాసంతా గొల్లుమంది. "పక్కన పీట మీద కూర్చుని, ఎందుకు కోపమొచ్చిందో అడిగి, మొత్తం విని, అప్పుడు 'ఆడదామా?' అనాలి. మధ్యలో మాట్లాడితే మళ్ళీ మొదటికి!"

వినడమా? నాకు వినిపించడమే వచ్చు! అయినా కూర్చున్నాను. పీట కిర్రుమంది. నాకంటే ముందు అదే నోరు విప్పింది పాపం.

"ఎందుకు కోపమొచ్చింది?"

"కిటికీ పక్కన పిల్లని చూశారా? చేరినప్పట్నుంచి క్లాసులో నోరు విప్పలేదు. నిన్న ఆటలో మొదటిసారి 'నా వంతు' అంది, గొణిగినట్టు. ఇవాళ గట్టిగా అంటుందని పొద్దుట్నుంచీ కాచుక్కూర్చున్నా. మీరేమో..."

"కానీ మేడమ్, సిలబస్..."

"మళ్ళీ మొదటికి!" అరిచారు పిల్లలు.

మళ్ళీ అడిగాను. ఈసారి పెదాలు బిగించి విన్నాను. వింటుంటే భిన్నాలు చిన్నవైపోయాయి.

"ఆడదామా?"

ఆవిడ నవ్వింది. బయట వాన వెలిసిందనుకున్నాను. లేదు, కురుస్తూనే ఉంది.

నన్నే దొంగని చేశారు. బల్లల మధ్య పరిగెడుతుంటే కిటికీ పక్కన పిల్ల ఎదురొచ్చి, "ఆగండి సార్, నా వంతు!" అని గది అదిరేలా అరిచింది. ఆటల టీచరు కళ్ళు తడిశాయి. దొంగని నేనే, దోచుకున్నది మాత్రం ఆవిడ!

ఆ ఏడాది ప్రతి వానకీ ఆటల గదిలోనే తేలాను. భిన్నాలు కూడా అక్కడే చెప్పాను, తొక్కుడుబిళ్ళ గళ్ళల్లో. చెప్పాల్సిన మాట ఒక్కటే మిగిలిపోయింది.

ఆఖరి రోజు వరండాలో ఆవిడే అంది. "వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది మాస్టారూ. పెద్ద మైదానమట."

"కంగ్రాట్స్" అన్నాను, నా నోరు పడిపోనూ!

బడి వదిలాక ఆటల గదికెళ్ళి నీలం కుర్చీలో ఇరుక్కున్నాను. సంచి తీసుకోవడానికి వచ్చిన ఆవిడ, నన్ను చూసి కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత పీట లాక్కుంది.

"ఎందుకు కోపమొచ్చింది?"

"మీరు వెళ్ళిపోతున్నందుకు. అంతకన్నా, వెళ్ళొద్దనలేని నా నోటి మీద. ఆ పిల్లకైనా నోరొచ్చింది, నాకే..."

"అయితే అరవండి."

"నా వంతు!"

వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వాగాక మెల్లిగా అంది.

"ఆడదామా?"

గబుక్కున లేచాను. కుర్చీ కూడా నాతోపాటే లేచింది, నడుముకి పట్టేసి! ఇద్దరూ కలిసి లాగితే దాని కాలు విరిగింది. బడికి కొత్త కుర్చీ కొనిచ్చి, విరిగినదాన్ని బాగుచేయించి ఇంటికి తెచ్చుకున్నాను. ఆవిడ ఆ పెద్ద మైదానమున్న ఊళ్ళోనే చేరింది. వెనకే నేనూ ఆ ఊరికి బదిలీ పెట్టుకున్నాను. మావగారు "ఆటల పిల్లకి లెక్కల మొగుడా!" అని నవ్వి అక్షింతలు వేశారు.

ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు కనక, కుర్చీ మీద చెయ్యి వేస్తే కూర్చున్నట్టే లెక్క. ఇవాళ వాన. ఈ కథ రాయడంలో పడి, ఆవిడ పిలిచినా వినిపించుకోలేదు. తలెత్తేసరికి, నీలం కుర్చీ మీద గాజుల చెయ్యి.

కలం మూస్తున్నా. పీట ఎక్కడ పెట్టానో!