హైమ నెత్తురు

2083లో కాకినాడ పెళ్లి భోజనాల్లో వడ్డించే యంత్రం మనిషి మొహం చూడదు, మణికట్టు చూస్తుంది. అక్కడ చర్మం కింద బియ్యపు గింజంత దీపం ఒకటి వెలుగుతూ ఉంటుంది. దాన్ని రక్తదీపం అంటారు. నెత్తురులో చెడు కొలెస్ట్రాల్ అదుపులో ఉంటే ఆకుపచ్చ, హద్దు మీదుంటే పసుపు, దాటితే ఎరుపు.

నీరద విస్తరి దగ్గర ఆగిన యంత్రం ఆమె ఎర్రదీపం చూసి నేతి గరిటె వెనక్కి తీసుకుంది. పక్కనే కూర్చున్న అక్క హైమకు మాత్రం పప్పన్నంలో రెండు గరిటెలు పోసింది.

"మా చెల్లికి ఒక్క చుక్కెయ్యి బాబూ. పెళ్లి కదా" అంది హైమ.

"క్షమించండి. ఈమెకు వీలుపడదు" అంది యంత్రం, వరుసంతా వినపడేలా.

ఎదుటి బంతిలో ఎవరో నవ్వారు. నీరద తల ఎత్తకుండా ఉడికించిన ఆనపకాయ ముక్క నమిలింది. హైమ వేళ్ల సందుల్లోంచి నెయ్యి కారుతోంది. యాభై రెండేళ్ల మనిషి, జున్ను, పూతరేకులు, వేటమాంసం, దేన్నీ వదలదు. పైగా భోజనాల కాంట్రాక్టు ఆమె వృత్తి, రుచి చూడందే ఏ వంటకమూ బయటికి పంపదు. అయినా ఆమె దీపం లేత చింతచిగురులా వెలుగుతోంది.

ఇద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టారు. తేడా ఎక్కడుందో నీరదకు బాగా తెలుసు. ఆమె విశాఖలో పేరున్న జన్యుశాస్త్రవేత్త. నెత్తురులోని చెడు కొలెస్ట్రాల్‌ను పట్టి లోపలికి లాగే కొక్కేలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువు నీరదకు పాడైపోయి వచ్చింది, తండ్రి నుంచి. ఆయన నలభై ఒకటో ఏట షటిల్ ఆడుతూ కోర్టులోనే కుప్పకూలాడు. హైమకు తల్లి నుంచి వేరే జన్యువు వచ్చింది. అది ఆ కొక్కేలను అరిగిపోనివ్వదు. ఎంత తిన్నా ఆమె నెత్తురు తేటగానే ఉంటుంది.

తండ్రి పోయిన ఏడాది నీరదకు తొమ్మిదేళ్లు. అప్పటినుంచి ఉడికించిన కూరలు, రెండు పూటలా మందులు. ఆ మందులు ప్రాణం నిలబెట్టాయి కానీ దీపం రంగు మార్చలేకపోయాయి. ఆవకాయ అన్నం కలుపుకుంటున్న అక్కను చూస్తూ ఆ పిల్ల పెద్దదయ్యింది. కొందరు ఆకలితో చదువుకుంటారు. నీరద అసూయతో చదువుకుంది.

ఆ అసూయే ఆమె చేత జన్యు అతుకును కనిపెట్టించింది. మంచి జన్యువు ఉన్న మనిషి దగ్గర నమూనా తీసుకుని, అందులోని అక్షరాల వరుసను ఒక సూక్ష్మవాహకంలోకి ఎక్కించి, ఇంజెక్షన్‌తో రోగి కాలేయానికి పంపాలి. చిరిగిన గుడ్డకు కొత్త గుడ్డ అతికినట్టు అది చెడ్డ అక్షరాలను తీసేసి మంచివి అతుకుతుంది. నాలుగు వారాల్లో పని పూర్తి.

మిగిలింది సరైన దాతను వెతకడం. ఆ పని ప్రయోగశాల నడిపే కృత్రిమ మేధ వివేచనది. అది దేశంలోని మూడు లక్షల జన్యుపటాలు వడపోసి చెప్పింది.

"అందరిలోకీ ఉత్తమమైన దాత హైమావతి గారు. మీ అక్కగారు."

నీరద చేతిలోని గాజు పలక బల్ల మీద పెట్టేసింది. "ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. కానీ ఈమెకు దరిదాపుల్లో లేరు."

హైమ ఆ వారమే కాకినాడ నుంచి వచ్చింది, ఒక డబ్బా నిండా కాజాలతో. అవి చెల్లెలు తినదని గుర్తొచ్చి నాలుక్కరుచుకుని ల్యాబు వాళ్లకు పంచేసింది. సూది గుచ్చుతుంటే నవ్వుతూనే ఉంది.

"ఎంత కావాలంటే అంత తీసుకోవే. నా వొంట్లోది నీకు పనికొస్తే అంతకన్నా ఏం కావాలి?"

ఆ మాట కూడా నీరదకు గుచ్చుకుంది. పెట్టగలిగిన చేయి పైనుంటుంది కదా అనుకుంది.

రెండు రోజుల తర్వాత వివేచన పిలిచింది.

"దాత విషయంలో ఒకటి చెప్పాలి. మనకు కావలసిన జన్యువు శ్రేష్ఠంగా ఉంది. కానీ ఆమె లైపోప్రోటీన్-ఎ చాలా ఎక్కువ. ఉండవలసినదానికి ఆరు రెట్లు."

నీరద కుర్చీలో నిటారుగా కూర్చుంది. అది పుట్టుకతో వచ్చే మరో రకం కొవ్వు రేణువు. మన దేశంలో చాలామందిలో ఎక్కువగానే ఉంటుంది. రక్తనాళం గోడకు అంటుకుపోయి గడ్డలు కట్టిస్తుంది. తిండి మానేసినా పెద్దగా తగ్గదు. రక్తదీపం దాన్ని లెక్కలోకి తీసుకోదు.

"అంటే ఆ ఆకుపచ్చ..."

"సగం నిజమే చెబుతోంది. ఆమెకు ఏ రోజైనా గుండెపోటు రావచ్చు. నెత్తురు గడ్డకట్టకుండా మందులు మొదలుపెట్టడం మంచిది. దాతకు తెలియజేయమంటారా?"

"వద్దు" అంది నీరద. "నేనే చెబుతాను."

చెప్పాలనే అనుకుంది. మర్నాడు ఫోన్ చేసింది. హైమ బొమ్మిడాయిల పులుసు గురించి పావుగంట మాట్లాడింది. నీరద వింటూ కూర్చుంది. అక్క గొప్ప చెప్పుకుంటుంటే మొదటిసారి కడుపు మండలేదు. లోపలెక్కడో చల్లగా ఉంది. రేపు చెబుదాంలే అనుకుని పెట్టేసింది.

ఆ రేపు వారమైంది. వారం నెలయింది. వివేచన మూడుసార్లు గుర్తుచేసింది. "చెప్పాను" అని నాలుగోసారి అబద్ధమాడింది నీరద.

ఈలోగా ఆమె అతుకును మొదట తన మీదే ప్రయోగించుకుంది. మూడో వారం దీపం పసుపైంది. నాలుగో వారం ఒక ఉదయం పళ్లు తోముకుంటూ చూసుకుంటే ఆకుపచ్చ. ముప్పై తొమ్మిదేళ్ల ఎరుపు పోయింది. వెంటనే కారెక్కి కాకినాడ వెళ్లింది.

హైమ వంటశాలలో ఉంది. చెల్లెలు చెయ్యి చాపగానే అరిచేసింది. పిండి చేతులతోనే వాటేసుకుని ఏడ్చింది. "నాన్న చూసుంటే ఎంత సంబరపడేవాడే!" అంది. కూతురు చార్విని పిలిచి మరీ చూపించింది. తొందరగా చేపలు వేయించమంది.

నీరద మాత్రం అక్క కళ్లలోకి వెతుకుతూ ఉంది. తన ఇన్నేళ్ల మంటలో రవ్వంతైనా అక్కడ రాజుకోవాలని ఆమె కోరిక. అక్కడ సంతోషం తప్ప ఏమీ లేదు. ఆ సంతోషం ఆమెకు అవమానంలా తోచింది. ఆ రోజూ నిజం చెప్పలేదు. చేపలు తిని తిరిగొచ్చేసింది.

తర్వాత తొమ్మిదో రోజు మధ్యాహ్నం చార్వి ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ పడిపోయింది. గుండెపోటంటున్నారు. దీపం ఆకుపచ్చగానే ఉంది పిన్నీ, మరెలా వచ్చింది?"

హైమ బతికింది. కాకినాడ ఆసుపత్రిలో గుండె నాళంలో అడ్డుపడ్డ గడ్డను తీశారు. మూడో రోజు ఆమె లేచి కూర్చోగలిగినప్పుడు నీరద గది తలుపు మూసింది. మంచం పక్కన నిలబడి అంతా చెప్పేసింది. నమూనా సంగతి, వివేచన హెచ్చరిక, తన అబద్ధం, దేన్నీ దాచుకోలేదు.

హైమ కిటికీ వైపు తిరిగి అడిగింది.

"ఎన్నాళ్లు దాచావు?"

"తొంభై నాలుగు రోజులు."

"చచ్చిపోయేదాన్ని కదే."

"అవునక్కా."

"ఆ తొంభై నాలుగు రోజులూ నా గురించి ఆలోచించావా?"

నీరదకు ప్రశ్న అర్థం కాలేదు. "రోజూ. నిద్ర లేచిన దగ్గర్నుంచీ."

హైమ చెల్లెలి వైపు తిరిగింది. "అమ్మ బతికున్నన్నాళ్లూ నీ గురించే ఆలోచించింది. నీ గిన్నె వేరు, నీ పొయ్యి వేరు, నీ పక్కనే పడక. నేనేం తిన్నానో ఎవరైనా చూశారా? రోజూ నాలుగు లడ్డూలు తినేదాన్ని, ఒక్కసారైనా చాలమ్మా అంటుందేమోనని. దానికేం, ఉక్కు పిండం అనేది. నీ జబ్బు నాకొస్తే బాగుణ్ణని దణ్ణం పెట్టుకున్నానే నేను. అంత కుళ్లు నాకు నీ మీద."

నీరద మంచం అంచున కూర్చుంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు. కానీ ఎవరూ లేచి వెళ్లలేదు.

హైమకు అతుకు వెయ్యడానికి లైపోప్రోటీన్-ఎ బాగా తక్కువున్న దాత కావాలి. నీరదదే చాలా తక్కువని వివేచన తేల్చింది. ఈసారి నమూనా ఆమె ఇచ్చింది.

"అంత తొందరేం?" అంది హైమ. "ఒక నెల్లాళ్లు ఇలా ఉండనీ. ఇక్కడే ఉంటున్నావు, జావ కాస్తున్నావు. బాగుంది నాకు."

"నీకు మతిపోయిందా అక్కా? ఒక్కరోజు కూడా ఆగను."

ఇంజెక్షన్ ఇచ్చిన నాలుగు వారాలకు హైమ నెత్తురులో అన్ని లెక్కలూ సరిగ్గా వచ్చాయి. నీరద విశాఖ వచ్చేసి పనిలో పడింది. అతుకు ఇప్పుడు ఎనిమిది ఆసుపత్రుల్లో వేస్తున్నారు. పత్రికల వాళ్లు వచ్చిపోతున్నారు.

పది రోజులయ్యాక ఒక ఆదివారం హైమ నుంచి ఫోన్. గొంతు నీరసంగా ఉంది. "గుండెల్లో ఏదో గాభరాగా ఉందే. ఓసారి రాలేవూ?"

నీరద వివేచన వైపు చూసింది.

"ఆమె కొలతలన్నీ ఇప్పుడే చూశాను" అంది వివేచన. "గుండె, నెత్తురు, నాళాలు, అన్నీ బాగున్నాయి. ఆమెకు ఏ జబ్బూ లేదు. మీరు వెళ్లవలసిన అవసరం లేదు."

"తెలుసు" అని కారు తాళం తీసుకుంది నీరద.

ఆమె వెళ్లేసరికి హైమ మూడు దిండ్లకు జారగిలబడి ఉంది. చార్వి కాళ్లు పిసుకుతోంది. వంటశాల ఆడవాళ్లు నలుగురు మంచం చుట్టూ చేరారు. ఒకామె బత్తాయిరసం పట్టుకుని నిలబడింది. మరొకామె విసురుతోంది. హైమ ఒక్కొక్క నిట్టూర్పుకీ అందరూ ముందుకు వంగుతున్నారు. ఆమె మొహం వెలిగిపోతోంది.

గుమ్మంలో నిలబడ్డ నీరదను చూసి చార్వి "వచ్చావా పిన్నీ, కూర్చో" అని మళ్లీ అమ్మ వైపు తిరిగింది. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా చూడలేదు. ఒకప్పుడైతే ఇదే ఇంట్లో ఆమె అడుగు పెట్టగానే ఏం తిన్నావు, మందు వేసుకున్నావా, మెట్లెక్కి ఆయాసపడ్డావా అని నలుగురూ అడిగేవాళ్లు. ఇప్పుడామెకు ఏ లోటూ లేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

పొట్టలో ఏదో సన్నగా మండింది. అది ఏ మంటో ఆమె వెంటనే గుర్తుపట్టింది.

ఆమె గోడ పట్టుకుంది. రెండో చెయ్యి నెమ్మదిగా గుండెల మీద పెట్టుకుంది.

"నాకూ కొంచెం ఆయాసంగా ఉందక్కా" అంది.

హైమ చెల్లెలి మొహంలోకి నిదానంగా చూసింది. తర్వాత కాళ్లు ముడుచుకుని, గోడ వైపు జరిగి, మంచం మీద చోటు చేసింది.

"రా, పడుకో. బత్తాయిరసం ఇంకో గ్లాసు తెండర్రా" అంది.